పెనం మాలిమి

సిలిండర్ పోయింది, పోనీ.
అప్పో సప్పో చేసి తెచ్చుకుంటాం.
పెనం పట్టకపోయినారు.
మా అత్త పదహారేళ్ళు కాల్చి కాల్చి
నా చేతికిచ్చిన పెనం.
నూనె చుక్క పడితే నల్లగా నవ్వేది,
దోసె దానంతటదే అంచు లేపి
"తియ్యి మే" అనేది.

కావలి ట్రంకు రోడ్డు మీద
ఉదయగిరి బస్సులు మలుపు తిరిగే చోట
తెల్లారి నాలుగింటికి పోయి చూస్తే
గొలుసు రెండు ముక్కలై
చచ్చిన జెర్రిపోతు మాదిరి పడుండాది.
పిండి గిన్నె మటుకు వదిలేసినారు,
మూత కూడా సరిగ్గా పెట్టి.
ఆ మూత చూసి ఏడ్చినా ముందు.
ఎవరో తెలిసినోళ్ళు పెట్టినట్టుండాది.

స్టేషన్లో రైటరు అడిగినాడు, బిల్లుండాదా అని.
అత్త చేతి పెనానికి బిల్లేంది సార్,
ఆమె మోచేతి మీద కాలిన మచ్చలే బిల్లు.
ఆమె పోయి నాలుగేళ్ళాయె,
చూపిద్దామంటే అవీ లేవు.

కొత్త పెనానికి నేనంటే పడదు.
నూనె పూసినా, ఉల్లిగడ్డ సగం కోసి రుద్దినా
దోసెను కరుచుకుంటాది, వదలదు.
వారం దోసెలన్నీ కుక్కలకే.
ఇనప సామాన్ల అంగడి తాత చెప్పినాడు:
"గీకబాకమ్మా, సబ్బేసి తోమబాక,
మాలిమి కావాలంటే దాని రోజులు దానికుండాయి."

నాకూ ఎవరన్నా పడేది కాదు.
ముందు మొహాలు చూసి వడ్డించేదాన్ని,
అప్పట్నించీ చేతులు చూడబట్టినా.
ఏటీఎం కాపలా పెద్దాయన చేతులు,
పాల కవర్లేసే పిల్లోడి చేతులు,
మా అక్క కొడుకు చేతులు కూడా.
ఎదురుగా పంచర్ షాపు మస్తాన్ చేతులు మరీను,
గోళ్ళ నిండా గ్రీజు, పక్కనే ఇనుము కోసే రంపం.
చిల్లర డబ్బా పలక మీదుండేది,
వాళ్ళే వేసి వాళ్ళే తీసుకునేవాళ్ళు.
దాన్ని నడుముకు కట్టుకున్నా.
కూర్చుంటే గుచ్చుకుంటాది.
గుచ్చుకోనీ.

ఒకరోజు మస్తాన్ వినేట్టు అన్నా:
"రంపం ఎవరికాడ ఉండాదో
ఊరికంతా తెలుసులే."
కారం దోసె తింటా ఉండాడు.
తినేది ఆపలా. తలెత్తలా.
నలభై రూపాయలు లెక్కపెట్టి ఇచ్చి పోయినాడు.
మర్నాడు కూడా వచ్చినాడు.

నెల తిరిగింది.
ఒక పొద్దు, ఇంకా మసకలోనే,
వాళ్ళమ్మను ఆటోలో పడుకోబెట్టి
నా బండికాడికి ఉరికొచ్చినాడు.
"నెల్లూరు పెద్దాసుపత్రికి పోతా ఉండాం అక్కా.
లారీవోళ్ళ టైర్లు రెండుండాయి, అడిగితే ఇయ్యి."
షాపు తాళాలు, గల్లా పెట్టె తాళం
గరిటె పట్టుకున్న చేతిలోనే కుక్కినాడు.
నా నోరెండిపోయింది.
"నాకిస్తా ఉండావా?
నేను నిన్ను..."
"తెలుసులే అక్కా.
మరి యాడ పెట్టాల తాళం?"

మూడు రోజులు అవి నా కొంగున.
రెండోరోజు మధ్యాన్నం షట్టర్ లేపి
లోపలంతా వెతికినా, అబద్ధమెందుకు,
నా పెనం ఉండాదేమోనని.
పాత ట్యూబులు, బుడగలు చూసే నీళ్ళ తొట్టి,
మేకుకు గుచ్చిన వాళ్ళమ్మ మందుల చీటీలు.
షట్టర్ దించి
చాలాసేపు ఎండలోనే నిలబడినా.

మర్నాడు తెల్లారి, ఎన్నో దోసెకో తెలీదు,
నేను రోడ్డు వైపు చూస్తా ఉండా,
అంచు దానంతటదే లేచింది.

మస్తాన్ వచ్చినాక తాళాలిచ్చి చెప్పేసినా,
నీ షాపు వెతికినా అని.
"దొరికిందా?" అన్నాడు.
ఎగతాళి కాదు, నిజంగానే అడిగినాడు.

ఇప్పుడు డబ్బా పలక మీదే ఉండాది.
మొన్న లెక్క ఏడు రూపాయలు తగ్గింది,
నిన్న పదిహేను ఎక్కువొచ్చింది, ఎవరివో.
పెనం మటుకు రాత్రికి ఇంటికే.
గోనెపట్టాలో చుట్టి చంకలో పెట్టుకొని నడుస్తా.
ఇల్లు చేరిందాకా
వెచ్చగా ఉంటాది.