పొల్లు పోయిన ఊరు

పొల్లు పోకుండా చెప్పమంటారు
మా స్టేషన్ చరిత్ర.
పొల్లు పోవడంతోనే కదా మొదలైంది అది!
మా ఊరు సోబ్రెదాల్.
ఎక్కడో సముద్రపు ఒడ్డున కూర్చుని
నీలిరంగు పింగాణీ పలకల మీద పేరు రాసినవాడు
చివరి 'ల్' మింగేశాడు.
గోడకెక్కాక చూసుకున్నారు.
దింపితే పగులుతాయన్నాడు మేస్త్రీ.
ఊరి పేరు కంటే పలకలే ఖరీదని
ఆ రోజు తెలిసింది మావాళ్లకి.

మొదటి రైలు మూడు గంటలు ఆలస్యం.
బాండువాళ్లకి వచ్చింది ఒకటే పాట,
దాన్నే వాయించి వాయించి
బూర ఊదేవాడి పెదవి వాచింది.
కంచరగాడిదల మీద ద్రాక్షసారా పీపాలు తోలే అదెరీతు మాత్రం
ఇంజనుకి వీపు తిప్పి నిలబడ్డాడు,
ముందున్న గాడిద కళ్లకు తన టోపీ అడ్డుపెట్టి.

తర్వాత బాదం బస్తాలు దిగువకి,
ఉప్పుచేప ఎగువకి.
ఉత్తరాలు కూడా తప్పు పేరుతోనే వచ్చేవి,
సరిగ్గా చేరేవి.

మా అమ్మ దెయొలిందా
గేటు దగ్గర జెండా మనిషి.
సగం జీతం, పూర్తి చలి.
ఎర్రది చంకలో, ఆకుపచ్చది చేతిలో,
నేను కడుపులో.
ఆ ఏడాది ఒక్క బండీ ఆలస్యం కాలేదట,
నేనొక్కదాన్నే తొమ్మిది రోజులు.

అరవై నాలుగు ఫిబ్రవరిలో
అంగోలా యుద్ధానికి కుర్రాళ్లు బండెక్కినప్పుడు
జుల్మీరా కొడుకు రొట్టె ఇంకా పొయ్యిలోనే ఉంది.
అమ్మ ఎర్రజెండా విప్పింది.
డ్రైవరు తల బయటపెట్టి ఏమిటన్నాడు.
"మేక" అంది.
పట్టాల మీద మేకా లేదు, మేక నీడా లేదు.
కొండదారిన జుల్మీరా,
ఒళ్లో నిప్పు దాచుకున్నట్టు రొట్టె పొదువుకుని
జారుతూ, లేస్తూ.
రిజిస్టరులో రాసింది అమ్మ:
కారణం మేక. నాలుగు నిమిషాలు.

ఆ కుర్రాడు తిరిగి రాలేదు.
ఓడ ఎక్కేదాకా రొట్టె తుంచలేదని
తోటివాడొకడు వచ్చి చెప్పాడు.

ఇక అలవాటైపోయింది.
మంత్రసాని కోసం మేక.
చెప్పు తెగిన టీచరమ్మ కోసం మేక.
ఒక సాయంత్రం, ఎవరి కోసమో ఎప్పటికీ చెప్పలేదు,
ఏడు నిమిషాల మేక.
లిస్బన్ నుంచి ఇన్‌స్పెక్టరు దిగాడు.
ఊరంతా తిరిగాడు. అన్నీ గొర్రెలే.
జుల్మీరా బాదంపప్పు పెట్టి కూర్చోబెట్టింది,
తిరుగు బండికి ఆయనే ఆలస్యమయ్యాడు.
మేక. రెండు నిమిషాలు.
కింద ఆయన సంతకం.

ఆపేస్తున్నామని ఎవరూ చెప్పలేదు.
డిసెంబరులో తలుపుకి చీటీ: రేపటి నుంచి బస్సు.
రాత్రికి రాత్రి గడియారం విప్పుకుపోయారు,
గోడ మీద గుండ్రటి తెలుపు మిగిలింది.
చివరి బండికి ఒకటే పెట్టె, ఆరుగురు మనుషులు.
అమ్మ ఎర్రజెండా విప్పింది.
డ్రైవరు ఏమిటని అడగలేదు.
దిగి, సిగరెట్టు ముట్టించాడు.
ఆరుగురూ దిగారు.
కింద లోయలో నది తప్ప
ఎవరూ మాట్లాడలేదు.
ఆ పూట వరుసలో: కారణం మేక.
నిమిషాల గడి ఖాళీ.

బస్సు నాలుగేళ్లు తిరిగి మానేసింది.
తాళంచెవి నా దగ్గరుంది, తలుపు లేదు.
మ్యాపుల్లో ఇప్పుడు మా ఊరు సోబ్రెదా.
అసలు పేరు పలికితే
నా నాలుక తడబడిందనుకుంటారు పిల్లలు.

నిన్న ప్లాట్‌ఫారం మీద మేక.
నిజం మేక.
ఏ ఊరి నుంచి తప్పిపోయి వచ్చిందో,
నీలి పలకల కింద మొలిచిన అడవిసోంపు మేస్తోంది.
అదిలించబోయాను.
ఎవరు దిగి వస్తున్నారో ఏమోనని
ఒకసారి కొండదారి వైపు చూశాను.