మేకు

స్ప్లిట్ రేవులో ఓడ ఆగిందంటే
పెరీనా కిటికీ కింద
ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకుని గైడు మొదలుపెడతాడు:
పదిహేడు వందల ఏళ్ల గోడ, చక్రవర్తి కట్టించుకున్న కోట.
తలలన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి.
పైన
తడి దుప్పట్లు, ఫ్రానె పాత చొక్కా.
తొడిగేవాడు లేడు,
అయినా వారం వారం ఉతుకుతుంది.

వంటింట్లోనూ ఆ గోడే.
మేకు దిగ్గొట్టకూడదని
పురావస్తు శాఖ వాళ్ల కాగితం.
అందుకే ఫ్రానె ఫొటో
ఉప్పు డబ్బాకి చేరగిలబడి ఉంటుంది.
సార్డీన్లు వేగినప్పుడల్లా
మొహం మీద నూనె చింది
మీసం మెరుస్తుంది.
ఏప్రన్ అంచుతో తుడుస్తుంది, తిడుతూ.

నిన్న
గుంపులోంచి ఓ పిల్లాడు అరిచాడు:
"ఇక్కడ రాజుగారు ఉండేవాడా?"

బట్టల క్లిప్పు పంటి కింద కరిచిపట్టుకునే
పెరీనా అంది:
"ఉండేవాడు.
గురక పెట్టేవాడు."