ఆకురాయి

పీణ్యా రెండో స్టేజీలో మా షెడ్డుకు
తూర్పున ఒకటే కిటికీ.
పగిలిన అద్దం చోట అట్టముక్క,
మిగిలిన మూడద్దాల్లోంచి దిగేదే
మా వెలుగు, మా పరీక్ష.

ఆరేళ్లు ప్యాకింగులో చేశాను.
డబ్బాకు పన్నెండు వాల్వులు, పైన టేపు.
చేతులు ఇక్కడ, నేనెక్కడో,
కొళాయి నీళ్లొచ్చే వేళ దగ్గరో, చీటీపాట దగ్గరో.
ఒకరోజు ఫిట్టింగు బెంచి ఖాళీ అయింది.
"నేను నేర్చుకుంటా" అంది ఓబుళేశ్వరి.
ముప్పై తొమ్మిదేళ్ల నా గొంతే అది.
ఎవరిదా అని నేనూ తిరిగి చూశాను.

గురుశాంతప్ప మేస్త్రి పాఠమేం చెప్పలేదు.
వైసులో ఇనుప ముక్క బిగించి
నా చేతికి ఆకురాయి ఇచ్చి
టీకి పోయాడు.

రుద్దాను.
మాడిన గిన్నె తోమినట్టు
పోతూ వస్తూ ఒకటే కసి.
ముక్క నడుమ ఒంటె వీపు లేచింది.
ఆయనొచ్చి మూలమట్టం ఆనించి
ఒక కన్ను మూసి కిటికీకేసి ఎత్తాడు.
"ఇన్నూ బెళకిదె."
ఇంకా వెలుగుంది.

నేను మురిసిపోయాను!
పక్క బెంచి పిల్లోడు కిసుక్కుమంటే గానీ తెలీలేదు,
ఇక్కడ వెలుగంటే తప్పు.
మట్టానికీ ముక్కకీ నడుమ
వెంట్రుకంత తెల్లగీత కనబడిందా,
అక్కడ నా చెయ్యి అబద్ధమాడినట్టు.

నెల. ఇంకో నెల.
బొబ్బ పగిలి, మళ్లీ లేచి, కాయ కాసింది అరచెయ్యి.
ముందుకు పోయేటప్పుడే బరువు,
వెనక్కి ఊరికే తేల్చుకు రావాలి.
ఈ మాట చెవులకు రెండు నిమిషాల్లో ఎక్కింది.
మోచేతికి ఎక్కేసరికి దీపావళి దాటింది.
పళ్లలో రజను ఇరుక్కుంటే సుద్ద పూయాలి.
చప్పుడు మారితే చూడకుండానే ఆగాలి.
ఇంట్లో గొడవైన పొద్దున ముక్కను ముట్టకూడదు,
ఇది మేస్త్రి చెప్పింది కాదు,
పాడైన ముక్కలు చెప్పాయి.

కార్తీకంలో ఆఫీసువాళ్లు క్లాసు పెట్టించారు.
ఏసీ గది, ప్రొజెక్టరు,
గోడ మీద పెద్దక్షరాల్లో 'పనిలో ఆనందం'.
చెప్పే పిల్ల మంచిదే,
గొంతు బొంగురుపోయినా నవ్వు వదల్లేదు.
పసుపు కాగితాలు పంచింది,
మీ సంతోషానికి పదికి ఎన్ని మార్కులో వేసుకోండని.
పక్కాయన పదికి పదీ వేశాడు,
తొందరగా అన్నానికి వదుల్తారని.
మిల్లీమీటరులో వందో వంతును పట్టే చేతికి
పదిలో ఒక్క అంకె దొరకలేదు.
కాగితం మడిచి కోటు జేబులో వేసుకున్నా.

తర్వాతి మంగళవారం, టీ గంటకు ముందు,
మూలమట్టం ఆనించి కిటికీకెత్తాను.
గీత లేదు.
తిప్పాను, లేదు.
మూల నుంచి మూలకు ఆనించాను.
చీకటి.
సన్నగా, నిండుగా, నేను చేసిన చీకటి.

వెంటనే మేస్త్రిని పిలవలేదు.
కాసేపు నా ఒక్కదానికే ఉండనీ అనిపించింది.
ఆ కాసేపూ
కొళాయి గుర్తు రాలేదు, చీటీ గుర్తు రాలేదు.
నా చేతులున్న చోటే నేనూ ఉన్నాను.

ఆయనొచ్చి, చూసి,
ముక్కను మెల్లగా బెంచి మీద పెట్టి
"ఇంకో పక్క?" అన్నాడు.
ముక్కకు ఆరు పక్కలు.

సాయంత్రం మెట్రోలో
తలుపును ఆనుకుని నిలబడ్డాను.
రెండు రెక్కలూ మూసుకున్నాయి,
రబ్బరు సందులోంచి
గొరగుంటెపాళ్య ఎండ దారంలా.
ఒక కన్ను మూశాను.
"ఇన్నూ బెళకిదె" పైకే అనేశాను.

తోటకూర సంచి ఒళ్లో పెట్టుకున్న ముసలావిడ
కిటికీలోంచి ఆకాశం చూసి తలూపింది.
హౌదమ్మా,
ఇంకా పొద్దు పోలేదు.