అట

గాజువాకలో సైకిల్ షాపు మేడ మీద
రాత్రి ఏడింటికి టర్కిష్ క్లాసు.
ఇస్తాంబుల్ షిప్‌యార్డుకి వెళ్ళాల్సిన వెల్డర్లు పదకొండు మంది,
కళ్ళింకా ఎర్రగానే.

"పులికి, గురువుకు...
ఎక్కడ కి, ఎక్కడ కు, ఎవరు నేర్పారు మీకు?
అచ్చు వెనక అచ్చు నడవడం వాళ్ళకీ ఉంది" అంటే
నవ్వుకున్నారు, పొరుగూళ్ళో మనూరోడు ఎదురైనట్టు.

ఇవాళ భూతకాలం.
కంటితో చూస్తే ఒక తోక: గెల్ది, వచ్చాడు.
చెవిన పడితే ఇంకోటి: గెల్‌మిష్, వచ్చాడట.
"ఓస్, మన 'అట' కదా!" అన్నాడు బంగారయ్య.
తలో వాక్యం చెప్పమన్నాను.
బస్సు వెళ్ళిపోయిందట. జీతాలు పెరిగాయట.

చివరి బెంచీలో ఎల్లాజీ లేచాడు,
జాలారిపేట కుర్రాడు.
"తెక్నె బత్‌మిష్."
బోటు మునిగిందట.

ఆ చివరి అచ్చు ఇ కాదు, ఉ కాదు,
మన ఓనమాల్లో దానికి చోటు లేదు.
నెల రోజులుగా ఎవరికీ నోరు తిరగలేదు.
వీడికి తిరిగింది.

"ఎవరి బోటు?"
"మా అయ్యది. నాను సూడ్నేదు మాస్టారూ.
ఒడ్డుకొచ్చినోలు సెప్పినారు."

దిద్దడానికేమీ లేదు.
రేపటికి అంకెలు చదువుకు రమ్మన్నాను.
కింద ఎవరో ట్యూబుకి గాలి కొడుతున్నారు.