చెయ్యి తియ్యకముందు

గుంటూరు మిర్చి యార్డు గేటుకెదురు, మేడమీద మా ఆఫీసు.
మూడు బల్లలు, ఒక కూలరు.
ఏప్రిల్లో తుమ్మకుండా ఒక్క లైను కూడా రాయలేం.

కోడు నేర్చుకునే పిల్లలకి మేం చేసిన పనిముట్టులో
మొదట నక్షత్రాలు పెట్టింది నేనే.
తప్పు దిద్దితే ఒకటి, వారం వరసగా వస్తే ఐదు,
అన్నిటికీ పైన ఒక కిరీటం.
దీవెన నెల తిరక్కుండా కిరీటం కొట్టేసింది.
ఎలాగా అని చూస్తే
సెమీకోలన్ తనే తీసేసి, తనే పెట్టి,
రోజుకి నలభైసార్లు.
తిట్టలేదు. నేను కట్టిన ఆటని
ఆ పిల్ల నాకంటే బాగా ఆడింది.

ఆ మధ్యాహ్నం టీకి కిందికి దిగితే
టిక్కీల నీడలో నాగూర్ వలి, ఇంకో హమాలీ.
సిమెంటు అరుగు మీద సుద్దతో గీసిన పులి-మేక.
మేకలకి మిరప ముచ్చికలు, పులులకి సోడా మూతలు.
వలి ఒక మేకని జరిపి, వేలు ఎత్తకుండా
అలాగే ఉన్నాడు చాలాసేపు.
అవతలివాడు బీడీ ముట్టించాడు.
వలి మేకని మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు.
"తొండి కదా?" అన్నాను.
"చెయ్యి తీస్తేనేగా మేడమ్, ఎత్తు. అందాకా ఆలోచనే."
"గెలిస్తే ఏంటి పందెం?"
ఎర్రటి వేళ్ళు లుంగీకి తుడుచుకుని
నన్ను ఎగాదిగా చూశాడు.
"గెలిస్తే ఇంకో ఆట. ఓడినా అంతే."

పైకొచ్చి నక్షత్రాలన్నీ పీకేశాను.
కిరీటం దగ్గర మాత్రం కాస్త చెయ్యాడలేదు,
దాన్ని గీయడానికి రెండు రాత్రులు పట్టింది మరి.

వాళ్ళకి పటం మొత్తం కళ్ళముందుంది,
ఏ మేక ఎక్కడో, పులికి ఏ దారి తెరిచుందో.
మా పిల్లలకి మేమిచ్చింది చీకటి గది,
తలుపు సందులోంచి ఒక ఎర్ర అరుపు:
పదిహేడో లైనులో తప్పు.

ఇప్పుడు ప్రతి విలువా తన గడిలో కూర్చుని కనిపిస్తుంది.
మీట నొక్కి పట్టుకున్నంతసేపూ
ఇలా చేస్తే ఏమవుతుందో ఊరికే చూడ్డం.
వదిలితేనే రాసినట్టు.

నిన్న దీవెన వచ్చింది.
కిరీటం ఏదని అడిగి మూతి ముడుచుకుంది.
తర్వాత గంటన్నర మాట లేదు.
ఒక లూపు ఆగకుండా తిరుగుతోంది.
అటొక విలువ ఆపి, ఇటొకటి ఆపి
దాన్ని మూలకి తోసుకుంటూ వస్తోంది,
నొక్కిన వేలు నొక్కినట్టే ఉంచి.

కూలర్లో నీళ్ళయిపోయాయని చెప్పబోయి
ఊరుకున్నాను.
పులి ఇంకా కదులుతోంది.