ఆరు చెవులు

రాత్రంతా పాలిషు మిషను కాడ నిలబడి
ఆరున్నరకి ఇంటికొస్తానా,
కళావతి అప్పటికే చెప్పులేసుకుని ఉంటది.
ఒంగోలు బస్సు ఏడింటికి,
పొగాకు కంపెనీ గేటు ఎనిమిదికి.
గడపలో ఎదురుపడతాం
డ్యూటీ మార్చుకునే వాచ్‌మెన్లలాగా.
"చిన్నదానికి జలుబు. నడిపోడి చెప్పొకటి కనపళ్ళా.
పులిబొంగరాలు మూకుట్లోనే ఉండాయి"
అంటానే చంటిదాన్ని నా చేతుల్లో పెట్టి పోతది.
నా చొక్కా మీది రాతిపిండి
దాని చెంపకి అంటుకుంటది
పౌడరేసినట్టు.

ఇక మొదలు.

పెద్దది మౌక్తికకి జడలెయ్యాల.
నాకొచ్చింది ఒక్కటే జడ, అదీ తాడు పేనినట్టు.
"రెండు జళ్ళే ఎయ్యాల నాయనా, టీచరు కొట్టుద్ది."
రెండేస్తే ఒకటి చీమకుర్తికి చూస్తది,
ఒకటి పొదిలికి.
అద్దంలో చూసుకుని ఏమీ అనదు.
అది ఎప్పుడూ అంతే.

నడిపోడు చెంచయ్య. మా నాయన పేరు.
ఆయన నిదానం వీసమెత్తు కూడా రాలా.
ఫ్యాక్టరీలో పగిలిన గెలాక్సీ ముక్కలు ఏరుకొచ్చి
ఇంట్లో పరిచా, నల్లరాయిలో బంగారు చుక్కలు.
వాడు బోర్లా పడుకుని లెక్కపెడతాడు,
ఇరవైతొమ్మిది తర్వాత ఇరవైపది అంటాడు.
బాగున్న రాయి ఓడెక్కి ఏయే దేశాలకో పోతదంట.
విరిగింది మాకొచ్చింది.
చంటిది దానిమీదే ఉచ్చపోస్తది.

చంటిదానికింకా పేరు లేదు.
టీకాల కార్డులో "బేబీ ఆఫ్ కళావతి".
పది నెలలైంది.
ఆదివారం కూర్చుని పెడదామనుకుంటాం,
ఆదివారం బట్టలుంటాయి.

మధ్యాన్నం క్వారీలో సైరన్ మోగుద్ది.
మూడుసార్లు. మూడోదాని వెనకే పేలుడు.
ఇద్దరున్నప్పుడు లెక్క సరిపోయేది:
పిలకాయలకి నాలుగు చెవులు,
మాకు నాలుగు చేతులు.
సెలవురోజు కళావతి పెద్దదాన్ని, నేను నడిపోణ్ణి పట్టుకుని
తలుపేసుకుని కూర్చునేవాళ్ళం
గోడ వణికేదాకా, సున్నం రాలేదాకా.
మూడోది కడుపులో పడ్డప్పుడు
"ముగ్గుర్నీ ఎట్టా సాకుతావురా" అంది మా అక్క.
ఆమె బియ్యం గురించి అడిగింది.
నేను చెవుల గురించి ఆలోచిస్తున్నా.

నిన్న రెండో శనివారం. బడి లేదు.
కళావతికి సెలవూ లేదు.
మొదటి సైరన్ నా కలలోకొచ్చింది.
రెండోదానికి లేచా.
చంటిదాన్ని అదుముకున్నా,
ఒక చెవి నా రొమ్ముకి, ఒకటి నా అరచేతికి.
ఇక మిగిలింది ఒక్క చెయ్యి.
నడిపోడెక్కడా అని తిరిగి చూస్తే
మౌక్తిక అప్పటికే వాడి వెనక మోకాళ్ళేసుకుని
వాడి చెవులు రెండూ మూసిపెట్టి ఉంది,
కళ్ళు గట్టిగా మూసుకుని.
దాని చెవులు మాత్రం తెరుచుకుని,
వంకర జళ్ళ మధ్య,
వేపపుల్లలు గుచ్చిన తమ్మెలతో.

ఆరేళ్ళు దానికి.
ఎవురూ చెప్పలా.

ఆ ఒక్క చెయ్యీ చాపా.
ఒక చెవికి అందింది.
రెండోదాన్ని నా తొడకి ఆనించుకునే లోపే
పేలింది.

స్టాండులో గ్లాసులు గలగలమన్నాయి.
చంటిది నవ్వింది.
నడిపోడు "ఇంకోటి!" అన్నాడు.
పెద్దది కళ్ళు తెరిచి
"నీ చెవులో, నాయనా?" అంది.
"నాకక్కర్లేదులేమ్మా,
మిషను ఎప్పుడో మూసేసింది."
అది నవ్వలా.

పొద్దుగూకేటప్పుడు కళావతి వచ్చింది, పొగాకు ఘాటుతో.
నీళ్ళు పోసుకునేదాకా చంటిదాన్ని ముట్టుకోదు,
చంటిదేమో దొడ్డి తలుపు రెండు చేతులా బాదుతానే ఉంటది.
సంగతి చెబుదామనుకున్నా.
ఈలోపల నడిపోడి చెప్పు దొరికింది
నీళ్ళ టిన్ను వెనకాల.
ఆ సంబరంలో అందరం అరిచాం.
నాకు షిఫ్టు టైమైంది.

క్యారియరు పట్టుకుని సందు మలుపు తిరగతా ఉంటే
ఇంట్లోంచి మౌక్తిక గొంతు:
"ఇరవైతొమ్మిది తర్వాత ముప్పై రా.
ఇరవైపది కాదు."
వాడేమన్నాడో
నాకు వినపళ్ళా.