బై పరుగులు

నేను స్కోరు రాసేవాణ్ణి.
రొయ్యల మేత కంపెనీ పంచిన పాత డైరీలో
స్కేలు పెట్టి గళ్లు గీసుకుంటాను.
కోసిన చేలో మోళ్లు తొక్కి చదును చేస్తే అదే మా గ్రౌండు,
కొబ్బరి మట్టల పాక నా ఆఫీసు.
పరుగొస్తే అంకె, రాకపోతే చుక్క.
పదకొండేళ్లుగా ఇదే.

ఆ ఆదివారం సఖినేటిపల్లికీ నర్సాపురానికీ.
వాళ్లు పొద్దున్నే పంటెక్కి వశిష్ఠ దాటొచ్చారు,
రెండు తాషాలు, ఒక చక్కెరకేళీ గెల,
గెలిస్తే కాల్చడానికి ఓ సంచెడు టపాకాయలు.

పన్నెండో ఓవర్లో జల్లు కొట్టింది.
అందరం పాకలోకి దూరాం.
ఎవడి ఫోనో మోగింది:
రాత్రి ఎడారి దేశమ్మీద క్షిపణులు పడ్డాయంట.

అంతే.
ఆట తడుస్తూ చేలో ఉండిపోయింది,
యుద్ధం లోపలికొచ్చి బెంచీ మీద కూచుంది.

"లైనూ లెంగ్తూ చూశారా? కొడితే అలా కొట్టాలండీ"
అన్నాడు మా కెప్టెన్ చింతా దొరబాబు.
"అబ్బే, అది నోబాలండి.
ముందు గీత దాటిందెవరంట?"
అన్నాడు నర్సాపురం స్పిన్నరు భీమరాజు.
మొన్న వీళ్లు కొట్టలేదా, అటుమొన్న వాళ్లు కొట్టలేదా,
లెక్క వెనక్కీ వెనక్కీ పోయింది,
ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలీని
గట్టు తగాదాలాగ.

తమాషా ఏంటంటే జట్లు కలిసిపోయాయి.
మా ఓపెనరూ వాళ్ల ఓపెనరూ ఒక పార్టీ,
ఇద్దరు అన్నదమ్ములు చెరో పార్టీ.
పంచదార డబ్బా ఒక దేశం,
టీ గ్లాసు సముద్రంలో యుద్ధనౌక,
బిస్కెట్టు ముక్క విసిరితే విమానం.
అక్కణ్ణుంచి మన ఢిల్లీకొచ్చారు, మన ఓట్లకొచ్చారు,
పోయిన ఎన్నికల్లో ఎవరు ఎవరి దగ్గరెంత తీసుకున్నారో
అదీ వచ్చింది. కాలర్లు పట్టుకోబోయారు.

కప్పు ఇచ్చే రామభద్రరాజుగారు
మెల్లిగా అడిగారు,
"అది సరే గానీ, ఓడలాగిపోతే
నలభై కౌంటు ఎంతకి పడిపోద్దంటారు?"

మూల కూచున్న మాజీ హవల్దారు అప్పన్నని లాగారు,
"నువ్వు చెప్పు బాబాయ్, నువ్వు చూశావుగా."
అప్పన్న బీడీ ఆర్పేశాడు.
"మా క్యాంపులో ఓ కుక్క ఉండేదిరా.
ఆ రాత్రి తర్వాత మూడ్రోజులు
మంచం కిందనుంచి రాలేదు.
అన్నం పెట్టినా రాలేదు."
ఇంకేం చెప్తాడోనని చూశారు.
ఇంకేం చెప్పలేదు.
మళ్లీ పంచదార డబ్బా దగ్గరికి పోయారు.

మా కీపరు ఏలియా లోపలికి రాలేదు.
చూరు కింద, ప్యాడ్లు విప్పకుండా, గొంతుక్కూచుని
గ్లవ్సులో ఫోను దాచుకుని చూస్తున్నాడు.
వాళ్లావిడ ఆ దేశం పక్క దేశంలో
ఎవరింట్లోనో వంట చేస్తది, నాలుగేళ్లైంది.
ఇంటి శ్లాబు ఆవిడ పంపిన డబ్బే, కిటికీలు ఇంకా పెట్టలేదు.
తెల్లారుజామున పంపాడంట, 'ఎలాగున్నావు' అని.
దాని పక్కన ఒక్క టిక్కు.
నేను చూశానని తెలిసి ఫోను తిప్పేశాడు.
ఆవిడ పేరు సువార్త.

వాన వెలిసింది. రంపప్పొట్టు చల్లి మళ్లీ మొదలెట్టారు.
రెండో బంతి లెగ్గు పక్కగా, మామూలు బంతి,
చంటిపిల్లాడైనా పట్టేదే,
ఏలియా కాళ్ల మధ్యనించి పోయి కాలవలో పడింది.
"ఎక్కడ చూస్తన్నావురా!" అని అరిచాడు దొరబాబు.
అరిచి,
నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు.
వాడికప్పుడు గుర్తొచ్చింది.

బై నాలుగు అని రాశాను.
బైలు కొట్టినోడి ఖాతాలో పడవు,
వేసినోడి ఖాతాలో పడవు.
మొత్తంలో మాత్రం కలుస్తాయి.

ఆ నాలుక్కే ఓడిపోయాం.
నర్సాపురం వాళ్లు టపాకాయల సంచి విప్పబోతే
దొరబాబు వెళ్లి భీమరాజు చెవిలో ఏదో చెప్పాడు.
సంచి మళ్లీ ముడేశారు.
ఆఖరి పంటులో కూడా వాదించుకుంటూనే పోయారు,
సగం రేవు దాకా వినపడింది.

సిగ్నలు రేవు చివర బాగా వస్తదని
ఏలియా అక్కడే నిలబడ్డాడు, ప్యాడ్లతోనే.
దొరబాబు కాస్త దూరంగా,
పక్కకొచ్చి నిలబడదామా వద్దా అన్నట్టు.
డైరీలో రాయడానికి నాకింకేం లేదు.
పెన్ను మూత కనపళ్లేదు.
చీకట్లో వెతుక్కుంటున్నాను.